పెట్టె ఎక్కడ పెడితే అంత గ్యాస్: చెన్నై చెత్త దిబ్బల లెక్క

రాత్రి పది దాటాక దక్షిణ చెన్నైలో పెరుంగుడి, పళ్లికరణై వైపు అపార్ట్‌మెంట్లలో బాల్కనీ తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుంటాయి. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఐటీ ఉద్యోగాలకని నెల్లూరు, తిరుపతి, గుంటూరు నుంచి వచ్చి అక్కడే ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఆ వేళ బాగా తెలుసు. పగలు ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది కాబట్టి చెత్త దిబ్బ కంపు చెదిరిపోతుంది. రాత్రి చల్లబడ్డ గాలి నేలను అంటిపెట్టుకుని ఉండిపోతుంది. దిబ్బలోంచి వచ్చిందంతా అక్కడక్కడే తచ్చాడుతుంది. "ఈ రోజు గ్యాస్ ఎక్కువ వదిలినట్టుంది" అనుకుంటూ తలుపులు బిగించుకుంటారు.

ఆ మాటలో చిన్న పొరపాటుంది. చెత్త దిబ్బ వదిలే గ్యాసుల్లో భూమిని ఎక్కువగా వేడెక్కించేది మీథేన్, దానికి వాసనే లేదు. ముక్కుకు తగిలేది కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్, ఘాటైన అమోనియా, మరికొన్ని సేంద్రియ వాయువులు. మొత్తం గ్యాస్‌లో వీటి వంతు అతి తక్కువ. సుమారు సగం మీథేన్, మిగిలినదాంట్లో అధిక భాగం కార్బన్ డయాక్సైడ్. ఆ రెండూ ముక్కుకు తెలియవు. కంపు లేని రాత్రి దిబ్బ ఊరుకుందని కాదు, కంపు కొట్టిన రాత్రి మీథేన్ ఎక్కువ వచ్చిందనీ కాదు. ఎంత వస్తోందో తెలియాలంటే కొలవాల్సిందే. ఆ కొలతే ఈ మొత్తం వ్యవహారంలో అందరూ అనుకున్నదానికన్నా కష్టమైన పని.

చెన్నైకి పెద్ద డంపింగ్ యార్డులు రెండు. ఉత్తరాన కొడుంగైయూరు, దక్షిణాన పెరుంగుడి. 1980ల నుంచి నగరం తన చెత్తను ఈ రెండు చోట్లా పోస్తూ వచ్చింది. ల్యాండ్‌ఫిల్ అనే మాట వీటికి నిజానికి పెద్దది. ఇంజనీర్లు ల్యాండ్‌ఫిల్ అనేదానికి అడుగున ప్లాస్టిక్ పొర, బంకమన్ను పరుపు, చెత్తలోంచి కారే ఊటనీటిని తోడే గొట్టాలు, గ్యాస్‌ను లాగే బావులు, పైన కప్పు ఉంటాయి. ఇక్కడ పోసినప్పుడు అవేవీ లేవు. ఖాళీ నేల కనిపించింది, లారీలు వచ్చాయి. పెరుంగుడిలోనైతే ఆ ఖాళీ నేల పళ్లికరణై చిత్తడినేల.

తెలుగువాళ్లకు కుప్ప అంటే పోగు. వరికుప్ప కూడా కుప్పే. తమిళంలో కుప్పై అంటే చెత్త. చెన్నైలో తరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లలో ఈ రెండర్థాలూ కలిసిపోయాయి, "కుప్పబండి వచ్చింది" అంటే చెత్తబండి అనే. కొడుంగైయూరు ముందు నిలబడితే రెండర్థాలూ ఒకేసారి సరిపోతాయి.

దిబ్బ లోపల ఏం జరుగుతుందో పల్లెటూరు తెలిసినవాళ్లకు వివరంగా చెప్పక్కర్లేదు. శీతాకాలం పొద్దున పేడదిబ్బను పారతో కదిపితే ఆవిరి లేస్తుంది. లోపల సూక్ష్మజీవులు పని చేస్తున్నాయనడానికి అదే గుర్తు. చెత్త పోసిన మొదటి రోజుల్లో సందుల్లో గాలి ఉంటుంది. ఆక్సిజన్ పీల్చే సూక్ష్మజీవులు దాన్ని వాడేసుకుంటాయి, అప్పుడు వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. పైన మరో లారీ లోడు పడి, బుల్‌డోజర్ తొక్కాక గాలి అందదు. అప్పుడు దోసెపిండి పులిసినట్టు చెత్త పులుస్తుంది, ఆమ్లాలు పుడతాయి. ఆ ఆమ్లాలను తిని మీథేన్ వదిలే మరో రకం జీవులు ఆ తర్వాత నెమ్మదిగా వృద్ధి చెందుతాయి. గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేదీ ఇదే. తేడా ఏమిటంటే గోబర్ గ్యాస్ తొట్టికి మూత, గొట్టం, పొయ్యి ఉంటాయి. దిబ్బకు ఉండేవి పగుళ్లు.

కొలిచే పద్ధతుల్లో అన్నిటికన్నా పాతది, చవకైనది పెట్టె పద్ధతి. అడుగులేని ఒక పెట్టెను దిబ్బ మీద బోర్లిస్తారు. అంచు దగ్గర గాలి దూరకుండా ముందే ఒక లోహపు చట్రాన్ని మట్టిలోకి దిగగొట్టి, గాడిలో నీళ్లు పోసి, దాని మీద పెట్టెను కూర్చోబెడతారు. లోపల గాలి కలిసేందుకు బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాన్ ఉంటుంది. పైన రబ్బరు బిరడా. వాచీ చూసుకుంటూ, కొన్ని నిమిషాలకోసారి ఆ బిరడాలోంచి ఇంజెక్షన్ సిరంజితో గాలి లాగి చిన్న సీసాల్లో నింపి, సీసా మీద టైము రాస్తారు. అరగంట, గంట అలా సాగుతుంది. నెత్తిన ఎండ, కాళ్ల కింద చెప్పుకు అంటుకునే తడి చెత్త, పక్కన ఎక్కడో రాజుకుంటున్న పొగ, పెట్టెను మూతితో పొడిచి చూడటానికి వచ్చే ఆవులు. ఆ ఆవుల సంగతి తర్వాత వస్తుంది, గుర్తుంచుకోండి.

సీసాలను ల్యాబుకు తెచ్చి, వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో పెడతారు. మొదటి సీసాలో మీథేన్ ఎంత, చివరి సీసాలో ఎంత, ఎంతసేపట్లో పెరిగింది, పెట్టె కింద నేల ఎంత అన్నది చూస్తే గంటకు ఒక చదరపు మీటరు ఎన్ని మిల్లీగ్రాముల మీథేన్ వదులుతోందో తేలుతుంది. దీన్నే ఫ్లక్స్ అంటారు. లెక్క ఎనిమిదో తరగతి పిల్లలకూ వచ్చేదే. ఇబ్బంది అంతా ఆ పెట్టెను ఎక్కడ పెట్టాలన్న దగ్గరే.

చెన్నై దిబ్బల మీద ఇలా కొలిచిన అధ్యయనాల్లో బాగా ప్రస్తావనకు వచ్చేది 2008లో కెమోస్ఫియర్ పత్రికలో అచ్చయింది. ఝా, శర్మ, సింగ్, రమేశ్, పూర్వజ, గుప్తా రచయితలు. కొడుంగైయూరులో గంటకు చదరపు మీటరుకు మీథేన్ 1 నుంచి 23.5 మిల్లీగ్రాముల దాకా వచ్చింది. పెరుంగుడిలో 0.9 నుంచి 433 మిల్లీగ్రాముల దాకా. నైట్రస్ ఆక్సైడ్ కూడా కొలిచారు. అది పెరుంగుడిలో 2.7 నుంచి 1200 మైక్రోగ్రాముల వరకు ఊగింది. నైట్రస్ ఆక్సైడ్ తూకంలో తక్కువే అయినా, వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 273 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది కాబట్టి దాన్ని వదిలేయడానికి లేదు.

ఇలాంటి పట్టికలు చూసినప్పుడు కళ్లు సగటు కోసం వెతుకుతాయి. ఇక్కడ చూడాల్సింది ఆ రెండు కొసలు. 0.9 ఎక్కడ, 433 ఎక్కడ? ఒకే దిబ్బ మీద, ఒక చోటికీ మరో చోటికీ దాదాపు 480 రెట్ల తేడా.

దీని అర్థం తెలియాలంటే ఒక వంకర లెక్క వేసి చూడొచ్చు. పెరుంగుడి యార్డు విస్తీర్ణం సుమారు 225 ఎకరాలు, అంటే 91 హెక్టార్లు, అంటే 9 లక్షల చదరపు మీటర్ల పైచిలుకు. దిబ్బ మొత్తం 0.9 చొప్పునే వదులుతోందనుకుంటే ఏడాదికి వచ్చే మీథేన్ 7 టన్నులు. మొత్తం 433 చొప్పున వదులుతోందనుకుంటే దాదాపు 3,450 టన్నులు. రెండూ నిజం కావు, కాలేవు. ఇది అంచనా కాదు, ఒక తమాషా మాత్రమే. కానీ పెట్టెలు పెట్టే చోట్లు నాలుగు అటూ ఇటూ అయితే జవాబు ఎంత జారిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అంత తేడా ఎందుకు? దిబ్బ అంటే ఒకే పదార్థం కాదు. ఒక మూల నిన్నటి హోటల్ చెత్త, మరో మూల కాలవల్లో తోడిన బురద, ఇంకో మూల కూల్చిన ఇళ్ల రాళ్లూ సిమెంటు పెళ్లలూ, పక్కన ఇరవై ఏళ్ల నాటి చెత్త మట్టిలా మారిన గుట్ట. తడి ఉన్నచోట మీథేన్ జీవులు బతుకుతాయి, ఎండిన చోట నిద్రపోతాయి. పై మట్టిలో మీథేన్‌నే తిని బతికే మరో జాతి బాక్టీరియా ఉంటుంది. గ్యాస్ నిదానంగా మట్టి గుండా వస్తే వీటి నోట పడి చాలావరకు కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. అదే గ్యాస్‌కు ఒక పగులు దొరికితే వీటికి చిక్కకుండా నేరుగా బయటికి పోతుంది. వాన వెలిశాక దిబ్బ మీది గుంటల్లో నీళ్లు కొన్ని చోట్ల గుడగుడమంటూ బుడగలు వదులుతాయి, పక్క గుంట అద్దంలా ఉంటుంది. పెట్టెను ఈ గుంట పక్కన పెట్టారా, ఆ గుంట పక్కన పెట్టారా అన్నదే ప్రశ్న. పైగా పెట్టె పెట్టాలంటే చదునైన, అడుగు ఆనే చోటు కావాలి. పగుళ్లేమో వాలుల్లో, అంచుల్లో, కాలు జారే చోట్ల ఉంటాయి.

ఆ అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. క్షేత్రంలో కొలిచినదాన్నిబట్టి 2000 సంవత్సరానికి చెన్నై చెత్త నుంచి వచ్చిన మీథేన్ సుమారు 0.12 గిగాగ్రాములు, అంటే 120 టన్నులు. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల బృందం ఐపీసీసీ 1996లో ఇచ్చిన సూత్రంతో లెక్కేస్తే వచ్చేదానికన్నా ఇది తక్కువ.

ఐపీసీసీ లెక్క పెట్టెను నమ్ముకోదు, చెత్తను నమ్ముకుంటుంది. ఇంత చెత్త పోశారు, అందులో కుళ్లే కార్బన్ ఇంత, అందులో నిజంగా కుళ్లేది ఇంత, అందులో మీథేన్‌గా మారేది ఇంత అని గుణించుకుంటూ పోతుంది. ఐపీసీసీ ఇచ్చే మామూలు విలువలతో ఒక టన్ను తిండి వ్యర్థాన్ని తీసుకుందాం. అందులో కుళ్లే కార్బన్ 15 శాతం. దానిలో సగం గ్యాస్‌గా మారుతుంది. 5 మీటర్ల కన్నా లోతైన, సరైన నిర్వహణ లేని దిబ్బకు 0.8 అనే గుణకం. వచ్చే గ్యాస్‌లో సగం మీథేన్. కార్బన్ తూకాన్ని మీథేన్ తూకంగా మార్చడానికి 16/12తో గుణకారం. చివరికి తేలేది టన్నుకు 40 కిలోల మీథేన్. దిబ్బ లోతు తక్కువైతే గుణకం 0.4, అప్పుడు 20 కిలోలు.

ఇప్పుడు ఆ 120 టన్నులను ఈ 40 కిలోలతో భాగిస్తే 3,000 టన్నుల తిండి వ్యర్థం వస్తుంది. రోజూ వేల టన్నుల చెత్త పోసే నగరంలో అది కొన్ని రోజుల వాటా, ఏడాది వాటా కాదు. మరి మిగతా కార్బన్ ఏమైనట్టు?

జవాబు ఒక్కటి కాదు, నాలుగైదు కలిసి ఉండొచ్చు. మన దిబ్బలు వదులుగా, గాలి ఆడేలా ఉంటాయి కాబట్టి కొంత చెత్త మీథేన్ దశకు పోకుండానే కుళ్లిపోతుంది. చెత్తలో రాళ్లూ మట్టీ ఎక్కువ, కాయితం, అట్ట లాంటివి ఏరుకునేవాళ్లు ముందే ఏరేస్తారు. పై మట్టిలోని బాక్టీరియా కొంత తినేస్తుంది. కొంత కాలిపోతుంది. మరికొంత పెట్టె కింద కాకుండా పక్క పగుల్లోంచి పోతుంది. మొదటి నాలుగు కారణాలైతే చెన్నై దిబ్బలు నిజంగానే తక్కువ మీథేన్ వదులుతున్నట్టు. చివరిదైతే వదులుతున్నాయి, మనకు దొరకలేదంతే. పెట్టె ఈ రెంటినీ విడదీసి చెప్పలేదు. "సూత్రం కన్నా కొలత తక్కువ చూపించింది కాబట్టి మన దిబ్బలు ఫర్వాలేదు" అని ఎవరైనా అంటే ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాలి.

ఎందుకంటే పై నుంచి చూసినవాళ్లకు కథ తలకిందులుగా కనిపించింది. 2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తల నాయకత్వంలో ఒక అధ్యయనం వచ్చింది. ఉపగ్రహాలతో బ్యూనస్ ఎయిరిస్, ఢిల్లీ, లాహోర్, ముంబై నగరాల మీద మీథేన్ చూశారు. లెక్కల్లో ఉన్నదానికన్నా నగరాల అసలు ఉద్గారాలు 1.4 నుంచి 2.6 రెట్లు ఎక్కువని తేలింది. ముంబై కంజూర్‌మార్గ్ ల్యాండ్‌ఫిల్ ఒక్కటే గంటకు సుమారు 9.8 టన్నుల మీథేన్ వదులుతోందని అంచనా కట్టారు. చెన్నై మొత్తానికి ఒక ఏడాదికి వేసిన 120 టన్నులు కంజూర్‌మార్గ్‌లో పన్నెండు గంటల పని అన్నమాట. ఊర్లు వేరు, ఏళ్లు వేరు, చెత్త పోసే తీరు వేరు. కాబట్టి ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనడానికి ఈ పోలిక పనికిరాదు. కానీ ఇంత దూరాన్ని ఊరి తేడాలు మాత్రమే వివరించగలవా అన్న అనుమానం మిగిలే ఉంటుంది. ఉపగ్రహానికీ దాని లోపాలు దానికున్నాయి. మబ్బు పడితే చూడలేదు, చిన్న చిన్న లీకులు దాని కంటికి ఆనవు, అది చూసిన నిమిషం ఏడాదికంతటికీ ప్రతినిధి కాదు. పెట్టెకు కనిపించేది నేలలో ఒక ముక్క, ఉపగ్రహానికి కనిపించేది కాలంలో ఒక ముక్క.

నిప్పు సంగతి వేరు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. దిబ్బ లోపలి నుంచి పైకి వచ్చే గ్యాస్ గాలితో కలుస్తూ ఎక్కడో ఒకచోట ఆ హద్దు గుండా పోవాల్సిందే. దానికి తోడు లోపలి వేడి, ఏప్రిల్ ఎండ, రాగి తీగ కోసం వైరు కాల్చే చిన్న మంట. 2022 ఏప్రిల్ 27న పెరుంగుడిలో అంటుకున్న మంట ఆరడానికి రోజులు పట్టింది. దిబ్బ మంటను నీళ్లతో కొట్టి ఆర్పడం దాదాపు అసాధ్యం, పైన ఆరినా లోపల కుంపటిలా రగులుతూనే ఉంటుంది. మట్టి కప్పాలి, లేదా తవ్వి పరిచి చల్లార్చాలి.

ఇక్కడ వాతావరణ లెక్కల్లో ఒక విడ్డూరం ఉంది. మీథేన్ కాలితే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఇరవై ఏళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది కాబట్టి, కాగితం మీద చూస్తే మంట వల్ల మీథేన్ పద్దు తగ్గుతుంది. అదే మంట ప్లాస్టిక్‌ను, క్లోరిన్ ఉన్న పీవీసీ తొడుగులను, తడి చెత్తతో కలిపి అరకొర వేడిలో కాలుస్తుంది. డయాక్సిన్లనే విషపు రసాయనాలు పుట్టడానికి అంతకన్నా అనువైన పొయ్యి లేదు. ఇవి మీథేన్‌లా గాల్లో కలిసి పన్నెండేళ్లలో చాలావరకు మాయమయ్యేవి కావు. మట్టిలో కూర్చుంటాయి, కొవ్వులో కరుగుతాయి.

ఆవులు వచ్చేది ఇక్కడ. జపాన్‌లోని ఎహిమె విశ్వవిద్యాలయం పరిశోధకులు, షిన్‌సుకె తనాబె బృందం, ఆసియాలోని బహిరంగ చెత్త దిబ్బల మీద కొన్నేళ్లు పని చేశారు. భారత్‌తో పాటు కంబోడియా, వియత్నాం, ఫిలిప్పీన్స్ దిబ్బల మట్టిలో డయాక్సిన్లు కొలిచారు. మన దేశం నుంచి వాళ్లు ఎంచుకున్న దిబ్బ పెరుంగుడి. 2004లో అచ్చయిన అధ్యయనంలో దిబ్బల చుట్టుపక్కల ఉండే తల్లుల పాలు పరీక్షించారు. భారత్ దిబ్బ దగ్గరి తల్లుల పాలలో డయాక్సిన్లు దూరంగా ఉన్నవాళ్లకన్నా ఎక్కువగా, మిగతా దేశాల దిబ్బల దగ్గరివాళ్లకన్నా కూడా ఎక్కువగా కనిపించాయి. గాలి పీల్చడం వల్లనా? కేవలం గాలే కారణమైతే మిగతా దేశాల్లోనూ అంతే ఉండాలి. అనుమానం పాల మీదికి పోయింది. దిబ్బ మీద మేసే ఆవులూ గేదెలూ మట్టి అంటిన తొక్కలు, మసి పట్టిన ఆకులు తింటాయి. డయాక్సిన్ వాటి కొవ్వులోకి, అక్కడి నుంచి పాలలోకి చేరుతుంది. పాలూ పెరుగూ లేని పూట గడవని మన ఇళ్లలోకి అది గ్లాసులో వస్తుంది, ఆఖరికి చంటిపిల్ల నోటికి అందుతుంది.

నమూనాలు తక్కువ, అధ్యయనం ఇరవై ఏళ్ల నాటిది, ఇవాళ చెన్నైలో పాల ప్యాకెట్ తాగుతున్నవాళ్లు దాన్ని చదివి కంగారు పడాల్సిన పని లేదు. కానీ పరిశోధన పద్ధతి గురించి అది చెప్పింది గట్టి మాట. గ్యాస్ పెట్టె పెట్టినవాళ్లకు ఆవు పనికి అడ్డొచ్చే జంతువు. డయాక్సిన్ వెతికినవాళ్లకు ఆ ఆవే దారి. దిబ్బ ఒకటే అయినా, చేతిలో ఏ పరికరం ఉందన్నదాన్నిబట్టి అది వేరే దిబ్బ అయిపోతుంది.

ఊటనీటి గురించి ఎంత రాసినా తక్కువే, అయినా అది పాత కథ కాబట్టి క్లుప్తంగా. చెత్తలోని తడి, పైన పడ్డ వాన కలిసి నల్లటి కషాయంలా కిందికి దిగుతాయి. అందులో అమోనియా, లవణాలు, సీసం, క్రోమియం లాంటి లోహాలు ఉంటాయి. కింద పొర లేదు కాబట్టి అది భూగర్భజలంలోకి, పెరుంగుడిలోనైతే నేరుగా చిత్తడిలోకి పోతుంది. పళ్లికరణై నీళ్లు ఒక్కియం మడుగు గుండా బకింగ్‌హామ్ కాలువలో పడి కోవళం దగ్గర సముద్రంలో కలుస్తాయి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల మీదుగా వచ్చే కాలువే అది. ఈ పళ్లికరణై 2022లో రామ్‌సర్ చిత్తడినేలగా, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడినేలగా, గుర్తింపు పొందింది. మంటా అదే ఏడాది. ఫ్లెమింగోలు దిగే నీళ్లకు వెనక తెరలా చెత్త గుట్ట కనిపించే ఫొటో తీయడానికి అక్కడ పెద్ద కెమెరా నైపుణ్యం అక్కర్లేదు.

పరిశోధనాపత్రాల్లో ఎక్కువగా కనపడని మనుషులు దిబ్బ మీద రోజూ ఉంటారు. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో ఎంతోమంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు. తాతల కాలంలో ఆంధ్ర ప్రాంతం నుంచి మద్రాసు ఊడ్చే పనికి వచ్చిన దళిత కుటుంబాలవి. ఉత్తర చెన్నై వాడల్లో ఇప్పటికీ ఆ తెలుగు వినిపిస్తుంది. గ్యాస్ లెక్క వాతావరణానికి వేస్తారు, నగరానికి వేస్తారు, దేశానికి వేస్తారు. లారీ వెనక తలుపు తీసేవాడి ముక్కు ఎత్తులో, అంటే ఐదడుగుల ఎత్తులో, ఒక షిఫ్టులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఎంత అన్నది వేరే కొలత. ఆ కొలత టన్నుల్లో ఉండదు, గాలిలో పది లక్షల వంతులకు ఎన్ని వంతులన్న లెక్కలో ఉంటుంది. ఐపీసీసీ పద్దులో దానికి గడి లేదు.

ఇప్పుడు రెండు దిబ్బలనూ తవ్వుతున్నారు. బయోమైనింగ్ అంటారు. పెరుంగుడిలో 2022లో మొదలైంది, ఖర్చు దాదాపు 350 కోట్ల రూపాయలు. కొడుంగైయూరులో దాదాపు 66 లక్షల టన్నుల పాత చెత్తను తీయడానికి 640 కోట్ల పైచిలుకు. పని చూడటానికి సులువైనదే. జేసీబీతో తవ్వుతారు, వరుసలుగా పోసి తిరగేస్తారు, సూక్ష్మజీవుల ద్రావణం చల్లుతారు, ఆరాక పెద్ద తిరిగే జల్లెడలో వేస్తారు. మట్టి ఒకవైపు, రాళ్లు ఒకవైపు, ప్లాస్టిక్, గుడ్డ పీలికలు ఒకవైపు. మండేవి సిమెంటు ఫ్యాక్టరీలకు పోతాయి. ఈ తవ్వకానికి చాలా ముందే, 2000ల మొదట్లోనే, అన్నా విశ్వవిద్యాలయంలో కురియన్ జోసెఫ్ బృందం ఈ రెండు దిబ్బలనూ తవ్వి చూసింది. కొడుంగైయూరులో మట్టిలా మారిన భాగం ఎక్కువ, పెరుంగుడిలో తక్కువ. ఆ మట్టిలో లోహాలు ఉన్నాయి కాబట్టి దాన్ని ఎరువని కళ్లు మూసుకుని పొలాల్లో చల్లడానికి లేదన్నది అప్పటి నుంచీ ఉన్న హెచ్చరిక.

పాత దిబ్బ నుంచి గ్యాస్ పట్టి కరెంటు తీద్దామన్న ఆలోచన మధ్యమధ్యలో తలెత్తుతూ ఉంటుంది. దాన్ని తిండి వ్యర్థం కుళ్లే వేగం దెబ్బ తీస్తుంది. తడిగా, వేడిగా ఉండే మన లాంటి చోట తిండి చెత్తకు ఐపీసీసీ ఇచ్చే కుళ్లే రేటు ఏడాదికి 0.4. అంటే ఏడాదీ తొమ్మిది నెలల్లో సగం అయిపోతుంది. ఐదేళ్లకు మిగిలేది ఏడో వంతు కన్నా తక్కువ. చెక్కకైతే సగం కావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. కాబట్టి 1990ల నాటి గుట్టలో గొట్టం దింపితే వచ్చేది చెక్క, కాయితం వదిలే సన్నటి ధార. అసలు గ్యాస్ ఈ ఏడాది, పోయిన ఏడాది పోసిన చెత్తలో ఉంటుంది. ఆ లెక్కన దిబ్బను తవ్వడం నేలను తిరిగి సంపాదించడానికి, ఊటనీటిని ఆపడానికి, మంటలు తగ్గించడానికి మంచి పని. మీథేన్ తగ్గించే పని మాత్రం దిబ్బ దగ్గర జరగదు, చెన్నై పెద్ద కూరగాయల మార్కెట్ కోయంబేడు వెనక జరుగుతుంది. మదనపల్లె టమాటా, అరటి గెలల కాడలు, క్యాబేజీ పై ఆకులు లారీల కొద్దీ కుళ్లేది అక్కడ. వాటిని మూత ఉన్న తొట్టిలో వేస్తే అదే మీథేన్ పొయ్యికి, బస్సుకు ఇంధనం. దిబ్బ మీద పోస్తే టన్నుకు 40 కిలోలు ఆకాశానికి.

తవ్వకానికి ఇంకో చిక్కుంది. ఏళ్ల తరబడి లోపల చిక్కుకున్న గ్యాస్ గదులు పార తగలగానే తెరుచుకుంటాయి. కొన్ని రోజులు ఫ్లక్స్ పెరుగుతుంది, మంట భయమూ పెరుగుతుంది. తిరగేసి గాలి ఆడనిచ్చాక మీథేన్ పడిపోతుంది. 2008 పత్రం నాటి నేల ఇప్పుడు లేదు. ఆ 433 మిల్లీగ్రాములు పలికిన చోటు జల్లెడ పట్టి వేరే ఎక్కడికో పోయి ఉంటుంది. కొత్తగా పెట్టెలు పట్టుకుని వచ్చేవాళ్లకు తవ్విన గుంట, తవ్వుతున్న అంచు, ఆరబోసిన వరసలు, ఇంకా ముట్టని గుట్ట, ఇలా నాలుగు రకాల నేలలు కనిపిస్తాయి. ఒక్కోదానికి వేరే లెక్క రాయాలి, ప్రతి నెలా మళ్లీ రాయాలి.

కొడుంగైయూరులో అయితే ఐదో రకం కూడా ఉంది. ఒక పక్క పాత చెత్త తవ్వుతుండగా ఇంకో పక్క ఉత్తర చెన్నై లారీలు యథాప్రకారం వచ్చి వెనక తలుపు ఎత్తుతూనే ఉన్నాయి. ఈ పొద్దున పడ్డ లోడులో ఇంకా ఆక్సిజన్ ఉంది, ఇప్పుడే పెట్టె బోర్లిస్తే మీథేన్ దాదాపు ఏమీ రాదు. పట్టికలో 1 కన్నా తక్కువ అని పడుతుంది.